మూడు ఊళ్ళకు ఒకటే జత

జూన్ 3

పొద్దున వాన. పెద్దది కాదు, ముసురు. మా ఆయన పనికి వెళ్ళనే వెళ్ళాడు. "వానకు గుంతలు ఆగుతయా" అంటూ, డబ్బా చంకన పెట్టుకొని.

సాయంత్రం వచ్చేసరికి ఛాతీ దాకా తెల్ల సుద్ద. మా బీదర్ నేలే అంత... పైన ఎర్రరాయి, గునపం తిరగబడేంత గట్టి. కింద తెల్లటి సుద్ద, తడిస్తే సబ్బు. డ్రైనేజీ గొట్టం వెయ్యాలంటే ఆ సుద్దలోకే దిగాలి. ఇవాళ గుంత ఆయన తలకంటే చాలా లోతు. నిచ్చెన తీసేస్తే పైకి రాలేడు.

"పక్క గోడ జర జారింది. ఉరికి ఇవుతల పడ్డ" — నవ్వుతూ చెప్పాడు. నీళ్ళ బకెట్ కింద పెట్టి, ఆయన వీపు మీది సుద్ద కడిగాను. కొల్హార్ ఫ్యాక్టరీల్లో లేతు మిషన్ దగ్గర పనిచేసిన మనిషి. వర్క్‌షాప్ మూతపడేదాకా ఆయన బట్టలకు నూనె మరకలే అంటేవి. ఆ మరకలు పోవడం లేదని నేను సణిగేదాన్ని.

జూన్ 4

మళ్ళీ వాన. ఫోన్ ఒళ్ళోనే పెట్టుకొని కూర్చున్నా.

జూన్ 6

నా ఉద్యోగం ఎంత ముచ్చటైనదో రాసుకోవాలి. అదే ప్రాజెక్టు. ఆయన గొట్టం వేస్తాడు, నేను ఇంటింటికీ తిరిగి "కనెక్షన్ తీసుకోండమ్మా, మీ మంచికే" అంటాను. ఒక ఇంట్లో తెలుగు, ఒక ఇంట్లో కన్నడ, పక్కింట్లో దక్కనీ. ఇన్ని భాషలు వచ్చని తీసుకున్నారు. మొగుణ్ణి అడగాల్సిన మాట మాత్రం ఒక్క భాషలోనూ నోట్లోంచి రాదు.

ఇవాళ ఒక ముసలామె...

"పైసలెవరియి బిడ్డా?"

"పరాయి దేశం బ్యాంకువి అవ్వా. సర్కారుకు అప్పిచ్చింది."

"మరి తీర్చేదెవరు?"

"మెల్లమెల్లగ... మనమే."

"నేను అడగకపోతినే!" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఏం చేయను.

నేను అబద్ధమేమీ చెప్పడం లేదు. మా వీధి మోరీ కంపు నాకు తెలుసు. వానాకాలం వచ్చిందంటే మా పాప రూతుకు వాంతులు, ఆస్పత్రి. డ్రైనేజీ రావాలి. నాకు నిజంగానే కావాలి. కావాలని అడిగి, అది వస్తుంటే వణుకుతున్నాను.

వచ్చే మార్చి లోపల పని కాకపోతే మిగతా డబ్బు బ్యాంకు ఆపేస్తుందట. అందుకే ముసుర్లో కూడా తవ్వకం. లేకపోతే ఈ నెలల్లో మా దగ్గర ఎవరూ లోతు గుంత తవ్వరు.

జూన్ 9

డేవిడ్ అన్న వచ్చాడు. సైట్‌కు సూపర్‌వైజర్, మా చర్చి సంఘంలో పెద్ద. వర్క్‌షాప్ పోయి ఆయన ఇంట్లో గోడల వైపు చూస్తూ కూర్చున్న రోజుల్లో చెయ్యి పట్టుకొని పనికి తీసుకుపోయింది అన్నే. అది మరిచిపోయే రకం కాదు నేను.

"రేపు బ్యాంకోళ్ళు వస్తున్రు చెల్లె. ఆళ్ళ మేడంకు నువ్వే తర్జుమా చెయ్యాలంట. జర మంచి చీర కట్టుకొని రా."

టీ తాగాడు. అత్తమ్మ తల వంచితే ప్రార్థన చేసి వెళ్ళాడు.

జూన్ 10

పొద్దున్నే లారీ. దాంట్లోంచి ఇనుప పలకలు దిగాయి. గుంతకు రెండు వైపులా నిలబెట్టి, మధ్యలో రాడ్లు బిగిస్తే గోడలు కూలకుండా ఆపుతాయి. ఇన్నాళ్ళూ ఇవి ఎక్కడున్నాయి? పలకలతో పాటు కొత్త నిచ్చెన, పసుపు టోపీలు, కాళ్ళకు బూట్లు. మా వాళ్ళందరూ పెళ్ళికొడుకుల్లా తయారయ్యారు.

మేడం మంచి మనిషే. చెప్పులు బురదలో దిగబడుతున్నా అంచు దాకా వచ్చింది. లోపల ఇద్దరు. ఒకడు ఆయన.

"అడగండి. లోపల పని చేయాలంటే భయంగా ఉంటుందా అని."

అడగడమే కదా నా పని. వంగి అడిగాను — "భయమైతదా?"

ఇంట్లో ఎన్నాళ్ళుగానో గొంతు దాకా వచ్చి మింగేసిన మాట. జీతం తీసుకొని, నలుగురి ముందు, పైనుంచి కిందికి అడిగాను. టోపీ కింద నుంచి నా వైపు చూశాడు. అలా ఎప్పుడూ చూడలేదు. నా వెనక డేవిడ్ అన్న దగ్గాడు.

"లేదు మేడం అని చెప్పు" — కింది నుంచి ఆయన.

లేదంటున్నాడని ఇంగ్లీషులో చెప్పాను. మేడం రాసుకుంది. అతను నా మొగుడని ఆమెకు తెలియదు.

ఇంటికొచ్చాక ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. పప్పులో ఉప్పు ఎక్కువైందన్నాడు.

జూన్ 11

పలకలు లారీ ఎక్కి పోయాయి. ఇవాళ మేడం హుమ్నాబాద్‌లో పని చూస్తుంది. ఆమె కంటే ముందు అవి అక్కడికి చేరాలి. టోపీలు, బూట్లు కూడా.

పాత వెదురు నిచ్చెన మళ్ళీ వచ్చింది. తవ్వకం మా వీధి మొగదలకు చేరింది కాబట్టి కిటికీలోంచి కనబడుతుంది. ఆయన దిగడం చూశాను. నడుము పోయింది, భుజాలు పోయాయి, చివరికి తల. ఇంక చూడకూడదు. రేపటి నుంచి ఆ కిటికీ మూసేస్తాను.

జూన్ 12

తెరిచే ఉంచాను.

జూన్ 14

వీధుల్లో నేనే అంటించే కాగితం ఒకటుంది. పనిలో ఏ అపాయం కనబడినా నేరుగా బ్యాంకుకే రాయొచ్చు, పేరు బయట పెట్టరు — అని. మూడు భాషల్లో చదివి వినిపిస్తాను. జనం తలూపుతారు. ఇవాళ గోడకు జిగురు పూస్తూ ఆగిపోయాను. ఇది నాక్కూడా వర్తిస్తుందా?

తప్పుడు ఆలోచన. రాస్తే మొదట పోయేది ఆయన కూలి, తర్వాత నా జీతం. ఆ వెనక డేవిడ్ అన్న.

జూన్ 15, ఆదివారం

గుడి. పాటలో నా గొంతు లేవలేదు. కానుక సంచి పట్టుకొని డేవిడ్ అన్న వరుసలో వస్తుంటే అటు చూడలేకపోయాను. ఇంకా ఏమీ చేయలేదు. అయినా చూడలేకపోయాను.

జూన్ 17

కూలింది.

మధ్యాహ్నం. అన్నం తినడానికి ఇద్దరూ పైకెక్కారు. డబ్బా మూత తీస్తుండగా శబ్దం. పెద్దది కూడా కాదట... "సంచిలకెళ్ళి పిండి జారినట్టు." ఒక పక్క గోడంతా లోపలికి. పార, గొట్టం, ఆయన విప్పి పెట్టిన చొక్కా, అన్నీ కింద.

"మరి?"

"మరి ఏమున్నది. అన్నం తిని, మట్టి తీసి, మల్ల దిగినం."

"మళ్ళీ దిగినవా!"

"దిగకపోతే గొట్టం ఎట్ల ఏస్తరే?"

అరిచాను. రూతు ఏడ్చింది. పని మానెయ్యమన్నాను. మానేసి ఎక్కడికి పోవాలి, కొల్హార్‌లో ఎన్ని గేట్ల ముందు నిలబడ్డానో నీకు తెలియదా అన్నాడు. తెలుసు. బియ్యం డబ్బా అడుగు కనబడిన నెలలు కూడా తెలుసు. నాకు భయంగా ఉంది. అన్నం దిగడం లేదు.

జూన్ 18

రాశాను.

రూతు స్కూల్ వరండాలో కూర్చొని, ఫోన్‌లో, ఇంగ్లీషులో. మా వీధి పేరు రాశాను. పలకలు లేవు, మీరు వచ్చిన రోజు మాత్రమే ఉన్నాయి, నిన్న గోడ కూలింది, ఎవరైనా చచ్చిపోతారు. చివరి ముక్క తీసేశాను. మళ్ళీ పెట్టాను. నా పేరు రాసి, దయచేసి ఎవరికీ చెప్పకండి అని కింద రాసి పంపించాను.

ఆయనకు చెప్పలేదు. చెప్తే ఆపేస్తాడు.

ఇంటికొచ్చి ఉల్లిగడ్డలు కోస్తుంటే ఏడుపు ఆగలేదు. ఉల్లిగడ్డల ఏడుపు ఏదో, మామూలు ఏడుపు ఏదో అత్తమ్మకు తెలియదా. పక్కన కూర్చుంది. చెప్పేశాను. ఎవరితోనైనా చెప్పకపోతే పగిలిపోయేదాన్ని.

ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది. "మంచి పని చేసినవ్ బిడ్డా. ఇగ దేవుడు చూసుకుంటడు."

ఎవరితోనూ అనొద్దత్తమ్మా, అన్నాను. "నేనెవరితో అంటనే" అంది.

జూన్ 20, శుక్రవారం

రాయడానికి చేతులు రావడం లేదు.

అత్తమ్మ ఆడవాళ్ళ ప్రార్థన కూటం నుంచి వచ్చింది. ముఖం తేటగా, ఎన్నాళ్ళకో. కాళ్ళు కడుక్కుంటూనే — "ఇయ్యాల అందరితోని గట్టిగ ప్రార్థన చేయించిన. నీ పానం కుదుటవడ్తది సూడు."

"ఏమని చెప్పినవ్?"

"ఉన్నదే చెప్పిన. నా కొడుకు పలకలు లేని గుంతల దిగుతుండు, నా కోడలు బ్యాంకుకు రాసింది, ఆళ్ళ మనసు కరగాలె అని."

"అత్తమ్మా! ఎవరితోనూ అనొద్దంటి గదా!"

ఆమెకు అర్థం కాలేదు. నిజంగానే కాలేదు. "అనడం ఏందే? దేవుని ముందల పెట్టిన. పేరు పెట్టి, సంగతి పెట్టి అడగాలె. ఊరికె 'నా కష్టం తీర్చు' అంటే ఏ కష్టమని తీరుస్తడు?"

అదీ నిజమే. మా కూటంలో అందరూ అలాగే అడుగుతారు. ఎవరికి ఏ రోగమో, ఎవరి మొగుడు తాగొచ్చాడో, ఏ కొడుక్కి నౌకరీ రాలేదో, అన్నీ అక్కడే తెలుస్తాయి. ఆమెకు అది ఊళ్ళో చెప్పడం కాదు. ముప్పై మంది విన్నా కాదు.

అప్పుడు అడిగాను, ఈ వారం కూటం ఎవరింట్లో అని.

"సలోమి ఇంట్ల."

డేవిడ్ అన్న పెళ్ళాం.

"సలోమే ప్రార్థన చేసింది గద. నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది గూడ."

నేను వంటింట్లోకి పోయి స్టవ్ వెలిగించాను. స్టవ్ మీద ఏమీ పెట్టలేదు.

జూన్ 21

ఇవాళ ఆయన చెప్పాడు, డేవిడ్ అన్న టీ ఇప్పించాడట. దగ్గర కూర్చొని, "నీ ఆరోగ్యం ఎట్లుంది ప్రభూ" అని పేరు పెట్టి అడిగాడట. ఆయనకు ముచ్చటేసింది. నాకు వేయలేదు. ఎప్పుడైనా అడిగాడా ఆరోగ్యం?

జూన్ 22, ఆదివారం

డేవిడ్ అన్న గుడికి రాలేదు. సలోమి వదినె వచ్చింది. బయట నా చెయ్యి పట్టుకొని నొక్కింది. కళ్ళ కింద నల్లగా ఉంది. ఏదో అనబోయి, "రూతు ఎత్తు పెరిగింది" అని మాత్రం అంది. పాపను చూసి నవ్వింది.

చెప్పిందా, చెప్పలేదా? ఆ చేతిని బట్టి నాకేమీ అర్థం కాలేదు.

జూన్ 24

ప్రతి ఫోన్‌కూ ఉలిక్కిపడుతున్నా. ఇవాళ చేసింది గ్యాస్ వాడు.

అత్తమ్మకు ఇప్పుడు అర్థమైంది. ఎవరూ చెప్పలేదు, నా ముఖం చూసి. తినడం తగ్గించింది. మంచం మీద కూర్చొని, పెదవులు కదలకుండా ప్రార్థన చేసుకుంటోంది. ఆమె నోరు మూసుకొని ప్రార్థన చేయడం నా పెళ్ళైన తర్వాత ఇదే చూడటం. కోపం పోయింది. జాలేసింది. పోయి పక్కన కూర్చున్నాను.

జూన్ 25

వచ్చాడు.

టీ వద్దన్నాడు డేవిడ్ అన్న. కూర్చోమంటే కూర్చున్నాడు. ఆయన అప్పుడే స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చాడు, నవ్వుతూ.

"చెల్లె, నాకు చెప్తే అయిపోతుండె గద."

ఆయన నవ్వు అలాగే ఉండిపోయింది. "ఏంది అన్నా?"

చెప్పాడు. అన్న గొంతులో కోపం లేదు, నాకు అదే భయం. "పలకలు నేను అడగలేదనుకున్నవా? లెటర్లు పెట్టిన. బీదర్‌కు, హుమ్నాబాద్‌కు, సంతపూర్ నీళ్ళ లైనుకు కలిపి ఒకటే జత ఇచ్చిన్రు. ఇంకో జత కొనుమంటే పని లేటైతదని కంపెనీ అంటది. పని లేటైతే పైసలు ఆగుతయని ఆఫీసు అంటది. ఆఖరికి నా మెడ మీదికే వస్తది."

రూతును అత్తమ్మ దగ్గరికి పంపాను.

"పై నుంచి అడుగుతున్రు, ఎవరు రాసిన్రని. నేను తెల్వదన్న. ఎన్నిసార్లు తెల్వదంట?"

అన్న పోయాడు. తువ్వాలు చేతిలోనే ఉంది ఆయనకు.

"నన్ను ఒక్క మాట అడిగితివా?"

"అడిగిన. ఆ రోజు పైనుంచి అడిగిన గద!"

"అందరి ముందల అడిగినవ్ ఎస్తేర్. అందరి ముందల నేనేం చెప్పాలె?"

తువ్వాలు తాడు మీద ఆరేసి, ఇటు తిరక్కుండానే అన్నాడు — "భయమైతది. దిగినంక కాదు. దిగే ముందల, నిచ్చెన మీద. రోజూ అయితది."

పెళ్ళైనప్పటి నుంచి ఆయన నాతో అన్న మాటల్లో ఇంత బరువైనది లేదు. ఇప్పుడు విన్నాను, ఇప్పుడేం చేయాలి?

జూన్ 27

పని బంద్. "విచారణ అయ్యేదాకా." గుంత అలాగే నోరు తెరుచుకొని ఉంది, సగం నీళ్ళతో, చుట్టూ ఒక తాడు. ఆటోలు రావు. రూతును ఎత్తుకొని గోడ పట్టుకొని పక్కగా నడిచి స్కూల్‌కు దింపుతున్నా. కాలు జారితే చాలు.

కనెక్షన్ తీసుకోమని నేను బతిమాలిన ఇళ్ళ ఆడవాళ్ళే ఇప్పుడు గుమ్మాల్లో నిలబడి — "ఎవర్తో రాసిందంట, ఆమె చేతులు పడిపోను." నన్ను చూసే అంటున్నారో, నన్ను చూస్తూ ఊరికే అంటున్నారో. తల వంచుకొని పోతున్నా.

పని లేని ఈ రోజుల్లో ఆయన ఇంట్లో ఉన్నాడు. కూలి లేదు. అయినా నిన్న నిద్ర పట్టింది నాకు. సిగ్గులేని నిద్ర.

జూలై 1

పలకలు వచ్చాయి!

నా కిటికీ ముందే బిగించారు. రెండు వైపులా, అడుగు దాకా. కొత్త నిచ్చెన. బ్యాంకు తరఫున ఒకాయన వచ్చి నాలుగు పక్కల నుంచి ఫోటోలు తీసుకున్నాడు. మళ్ళీ ఎత్తుకుపోతారని చూస్తూనే ఉన్నా. బ్యాంకాయన పోయినా ఎత్తలేదు. ఇక్కడి పని అయ్యేదాకా కదపొద్దని ఆర్డరట.

ప్రాణం లేచొచ్చింది. అత్తమ్మ పాయసం చేస్తానంది. రూతుతో కలిసి చప్పట్లు కొట్టాను, పిచ్చిదానిలా.

జూలై 2

ఆయనను సంతపూర్ పంపారు.

అక్కడ నీళ్ళ గొట్టాల లైను, అదే బ్యాంకు, అదే కంపెనీ. పొద్దున డేవిడ్ అన్న స్వయంగా వచ్చాడు. "గీడ ఉంటే అందరి కండ్లు నీ మీదనే ప్రభూ. కొన్ని దినాలు ఆడ ఉండు, గీ లొల్లి సల్లవడనీ." మంచికే అన్నాడు. అన్న ముఖం చూస్తే మంచికే అనిపించింది. బ్యాగు సర్దుతుంటే ఇంకోలా అనిపించింది.

బస్ ఎక్కించాను. కిటికీలోంచి "ఫికర్ చెయ్యకు" అన్నాడు. మాటలు అంతే.

మా గుంతలో ఇవాళ ఎవరో కొత్త కుర్రాళ్ళు. పలకల మధ్య నిలబడి పాటలు పాడుకుంటున్నారు.

జూలై 3

సాయంత్రం ఫోన్ చేశాడు. షెడ్డులో ఆరుగురు, అన్నం బాగానే ఉందట. నల్లరేగడి, ఇక్కడికంటే మెత్తగా ఉందట నేల. "తవ్వుతుంటే వెన్న లెక్క వస్తది."

"పలకలున్నయా?" అని అడిగాను.

షెడ్డులోంచి బయటికొచ్చిన చప్పుడు.

"ఉండెనంట. మొన్ననే లారీల ఏసి బీదర్ పంపిన్రంట."

జూలై 4

బ్యాంకు నుంచి ఉత్తరం, ఫోన్‌లో. మర్యాదగా రాశారు. మీరు చెప్పిన చోట రక్షణ పలకలు అమర్చినట్టు మా ప్రతినిధి చూశారు. మీ ఫిర్యాదు తీరినట్టేనా? అవునో కాదో తెలియజేస్తే దీన్ని ముగిస్తాం.

అవునంటే ముగిస్తారు. కాదంటే... ఏమని కాదనాలి? పలకలు నా కిటికీ ముందే ఉన్నాయి. సంతపూర్ అని రాస్తే, అక్కడి నుంచి రాయగలిగింది ఎవరని వెతకనక్కర్లేదు. రాయకపోతే ఆయన దిగుతూనే ఉంటాడు. రాస్తే వీటిని ఇక్కడ నుంచి ఊడదీసి అక్కడికి తీసుకుపోతారు, ఈ పాటలు పాడే కుర్రాళ్ళ మధ్యలోంచి. వాళ్ళకూ పెళ్ళాలున్నారేమో. వాళ్ళ పేర్లు కూడా అడగలేదు నేను.

మధ్యాహ్నం మూడు దాటింది. సంతపూర్ ఉన్న ఔరాద్ వైపు మబ్బు కమ్ముకొస్తోంది. ఇక్కడింకా చుక్క పడలేదు. అక్కడ పడుతుండాలి.

ఫోన్ చేశాను. మోగుతోంది, తీయడం లేదు. గుంతలో దిగితే ఫోన్ పైన వదిలేస్తాడు. అందుకే తీయడం లేదు. అంతే అయి ఉంటుంది.

మళ్ళీ చేస్తున్నా.